కోల్డ్ స్టోరేజీ సాయిబు

మిషను సాయిబు పోయాడన్న కబురు నాకు మిరపకాయల కళ్లంలో తెలిసింది. రాజుపాలెం వైపు నుంచి కాయలు తెచ్చిన రైతు ఒకడు చుట్ట ముట్టించుకుంటూ మాటల మధ్యలో చెప్పాడు. ఊపిరందక పోయాడట, రెండు రోజులయిందట. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. చేతిలో చాట కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి ఆయనతో చెప్పుకోవచ్చులే అని రెండేళ్ళు దాటేస్తూ వచ్చిన మాట ఒకటి నా దగ్గరుంది. ఇక దాన్ని ఎవరి ముందు పెట్టాలి?

ఆయన పేరు రాయను. ఆ పేరుతో ఆయన్ని పిలిచిన వాళ్ళు కూడా మా దగ్గర లేరు. షావుకారు దగ్గర నుంచి బస్తాలు మోసే ముఠా దాకా అందరికీ మిషను సాయిబే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు.

నేను మూడో తరగతితో చదువు ఆపిన దాన్ని. నాకు రాసేంత భాష లేదు. కానీ ఆయన గురించి తెలిసిన వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. తెలిసినంత వరకు రాసి పెడుతున్నాను.

మాది నరసరావుపేట బయట ఉన్న కోల్డ్ స్టోరేజీ. కిటికీలు లేని పెద్ద కట్టడం. నాలుగు గదులు, ఒక్కొక్కటి సినిమా హాలంత. బయట ఎండకు కంకర కాలిపోతుంటే లోపల పళ్ళు కొట్టుకునేంత చలి. రైతులూ వ్యాపారులూ మిరపకాయల బస్తాలు అందులో పెట్టి రేటు వచ్చిందాకా దాచుకుంటారు. చల్లదనం తగ్గితే కాయ రంగు పోతుంది, పురుగు పడుతుంది. నేను అక్కడ ఆడకూలీలకు మేస్త్రిని. రంగు పోయిన తాలు కాయలు ఏరించడం, గదుల్లో చినిగిన బస్తాలు కుట్టించడం, రాలినవి ఊడిపించి ఎత్తించడం నా పని. పదిహేను మంది ఆడవాళ్ళు నా కింద ఉండేవాళ్ళు. అందులో మా చిన్న కోడలు ఒకతె.

ఆ గదులను చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. దాన్ని నడిపేవాడు సాయిబు.

ఆయన రూపం చెప్పాలంటే ముందు భుజం గురించి చెప్పాలి. ఎడమ భుజం మీద ఎప్పుడూ తడి తువ్వాలు ఉండేది. ఎండాకాలమే కాదు, పుష్యమాసం చలిలోనూ అంతే. చొక్కా అక్కడ రంగు వెలిసి అట్ట కట్టినట్టు ఉండేది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ తువ్వాలు దిగేది కాదు. ఒకసారి ఆయన ఇల్లాలు అన్నం క్యారేజీ తెచ్చినప్పుడు మా ఆడవాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. సినిమాకు పోతే తలుపు పక్క సీటు దొరికితేనే కూర్చుంటాడట. హాల్లో జనం ఎక్కువయ్యే కొద్దీ తెర మీద కంటే తలుపు మీదే చూపు ఉంటుందట. ఇంతవరకూ ఒక్క సినిమా ఆఖరు దాకా చూడనివ్వలేదని ఆవిడ నవ్వుతూ వాపోయింది.

మిషను గదిలోకి ఆయన తిన్నగా వెళ్ళగా నేను చూడలేదు. ముందు బయట నిలబడి, వెదురు గడకు కట్టిన గుడ్డ పేలిక ఎటు ఎగురుతోందో చూసేవాడు. ఆ తరవాత ఆవు మేతను వాసన చూసినట్టు మెడ చాచి రెండుసార్లు గాలి పీల్చేవాడు. అప్పుడు గడప దాటేవాడు. లోపల గొట్టాలకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ వేళ పలకరిస్తే చెయ్యెత్తి ఆపడమే. మధ్యాహ్నం అన్నం కూడా గాలి వచ్చే వైపు, గోడకు దూరంగా కూర్చుని తినేవాడు.

కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్ళు మొదటి రోజు ముక్కు మూసుకుని, ఇదేం కంపు అని గొణిగేవాళ్ళు. ఆయనకు అది నచ్చేది. ఎవరైనా పాతబడి, నాకేం వాసన రావట్లేదు అంటే మాత్రం ఆయన మొహం మారిపోయేది. "వాసన తెలిసినంతసేపు పరిగెత్తడానికి టైముంది. అలవాటైన ముక్కుతో లోపలికి పోవద్దు" అని ఆ మనిషిని అప్పటికప్పుడు కళ్లంలోకి పంపేసేవాడు. గ్యాసు లేస్తే ఏం చెయ్యాలో మా అందరి చేతా వల్లె వేయించాడు. కొంగు తడిపి ముక్కుకు కట్టుకోవాలి. నిలబడకూడదు. గ్యాసు పైకి పోతుంది కాబట్టి తల నేలకు దించి పాకాలి. గాలికి ఎదురు వెళ్ళాలి. వెనక్కి చూడకూడదు. మా వాళ్ళు వరసగా పాకుతూ కిసకిస నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు.

ఇంకొకటి చేశాడు. గదుల తలుపు పక్కన గోడకు మేకులు కొట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క డబ్బా మూత ఇచ్చాడు. మాలో చదువు వచ్చిన వాళ్ళు తక్కువ. అందుకని మూత మీద మేకుతో గుర్తు గీశాడు. ఒకరికి మేక, ఒకరికి కుండ, ఒకరికి చంద్రవంక. మా కోడలిది దువ్వెన. గదిలోకి పోయేటప్పుడు మూత మేకుకు తగిలించాలి, బయటికి వచ్చినప్పుడు తీసుకోవాలి. ఎవరు లోపల ఉన్నారో గోడ చూస్తే తెలియాలి. "నేను చస్తే పటం కట్టించే పని లేకుండా ఈ మూతకే దండెయ్యి సాయిబూ" అని కుండ గుర్తు ఆవిడ ఎగతాళి చేసింది. ఆయన ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఈ మనిషికి ఇంత పిరికితనం ఏమిటా అని నేనూ అనుకున్నాను. అంత భయస్తుణ్ణి మిషను దగ్గర పెట్టుకున్న షావుకారును చూసి నవ్వుకున్నాను కూడా.

అప్పట్లో మిద్దె మీద గోడంత పొడుగున గొట్టాల వరసలు ఉండేవి. వాటి మీద నుంచి నీళ్ళు జారుతుండేవి. ఆ సంగతి ఆయనే ఒకసారి చెప్పాడు. గదుల్లో ఉన్న వేడిని గ్యాసు మోసుకొస్తుందట. మిద్దె మీది గొట్టాల్లోకి వచ్చి ఆ వేడిని నీళ్ళకు అప్పజెప్పి, చల్లబడి మళ్ళీ లోపలికి పోతుందట. మా పల్నాటి నీళ్ళు సున్నపు నీళ్ళు. గొట్టాల మీద తెల్లగా పెచ్చు కట్టేది. ఏటా రెండుసార్లు మేమే ఎక్కి సుత్తులతో తట్టి రాల్చేవాళ్ళం. పెచ్చు ఎంత మందం ఉందో మా కళ్ళకే కనపడేది.

ఒక ఏడు పంటలు రాకముందు షావుకారు ఆ గొట్టాలన్నీ పీకించాడు. వాటికి బదులు ఒక ఇనప పీపా తెప్పించాడు. ఇద్దరు మనుషులు చేతులు కలిపితే చుట్టు పట్టేంతది. మిషను గది మూల కూర్చుంది. మిద్దె మొత్తం చేసే పని ఇది ఒక్కటే చేస్తుందని షావుకారు వచ్చిన వాళ్ళందరికీ చూపించుకున్నాడు. దాని నిండా సన్న గొట్టాలు, చిటికెన వేలు దూరేంతవి, తేనెపట్టులా గుచ్చి ఉన్నాయి. నీళ్ళు ఆ గొట్టాల్లోంచి పోతాయి, గ్యాసు వాటి చుట్టూ తిరుగుతుంది. బిగించడానికి వచ్చిన ఇంజినీరు దాని వీపు చరిచి, దీన్ని ఇక ముట్టుకునే పనే లేదన్నాడు.

సాయిబు దాన్ని చరచలేదు. మూత బిగించకముందు టార్చిలైటుతో ఒక్కొక్క గొట్టం లోపలికి చూశాడు. అప్పుడే టీ కాచిన గిన్నె తెచ్చి, అడుగున ఉన్న సున్నపు పెచ్చు గోరుతో లేపి ఇంజినీరు అరచేతిలో పెట్టాడు.

"ఇది మా బోరు నీళ్ళండి. ఈ సందుల్లో ఇది పేరుకుంటే మేం సుత్తి యాడ పెట్టాల?"

ఇంజినీరు ఆ ముక్క కింద పారేసి చెయ్యి దులుపుకున్నాడు. ఏడాదికోసారి మూత విప్పి బ్రష్షు కొడితే చాలన్నాడు. ఆ రోజు నుంచి సాయిబు ఆ పీపా దగ్గర స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని నిలబడే సమయం పెరిగింది. నాకు తెలిసి ఆయన భయానికి ఒక రూపం వచ్చింది అప్పుడే. మోసుకొచ్చిన వేడిని పుచ్చుకునే నీళ్ళు ఆ సందుల్లో నడవకపోతే, గ్యాసు ఆ వేడితో లోపలే ఉబ్బుతుంది. ఎక్కడో ఒక అతుకు ఊడుతుంది. ఆ వేళకు గోడ మీద ఎన్ని మూతలు ఉంటాయో ఎవరికి తెలుసు? ఆయనకు ఉన్న భయం అంతా అదే.

నీళ్ళ తొట్టి కట్టడం వెనక ఉండేది. పీపాలోంచి వేడెక్కి వచ్చిన నీళ్ళు అందులో చల్లారి మళ్ళీ పీపాకే పోతాయి. తగ్గినన్ని బోరు నుంచి కలుస్తాయి. ఆ తొట్టికి అడుగున ఒక వాల్వు పెట్టించాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది నేనే కాబట్టి ఆ పని నాకు చెప్పాడు. రోజూ ఆ వాల్వు తిప్పి, తొట్టిలో నీళ్ళు గోడ మీది ఎర్ర గీత దాకా దిగే వరకు బయటికి వదలాలి. తరవాత కట్టేసి, బోరు నీళ్ళు నిండనివ్వాలి.

నేను వెల్దుర్తి దగ్గర మెట్ట ఊళ్ళో పుట్టాను. చిన్నప్పుడు రెండు బిందెల నీళ్ళ కోసం పొద్దు పొడవకముందు లేచి నడిచిన దాన్ని. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు, గిన్నెలు తోమిన నీళ్ళు పాదుకు. నా ఇంట్లో నీటి చుక్క ఊరికే నేల పాలు కాదు. ఆ వాల్వు తిప్పితే కనకాంబరాల మడి మొత్తం తడిసేన్ని నీళ్ళు, తేటగా, కంకరలోకి పోతుంటే చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.

"మంచి నీళ్ళే గదా, ఎందుకు పారబొయ్యడం?" అని అడిగాను.

ఆయన అప్పుడు ఏదో నట్టు బిగిస్తున్నాడు. "చెప్పింది చెయ్యక్కా. అన్నీ నీకు చెబుతూ కూర్చుంటే నా పని ఎవురు చేస్తరు?" అని కసిరాడు.

ఆయన నన్ను కసరడం అదొక్కసారే. ఉగాది దాకా చెప్పినట్టే చేశాను. ఆ తరవాత బోరులో నీళ్ళు తగ్గాయి. ఊళ్ళో పంపుల దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. అది కళ్ళతో చూసి వచ్చి, పొద్దున్నే ఈ వాల్వు తిప్పడం నా వల్ల కాలేదు. ఎర్ర గీత దాకా కాకుండా బెత్తెడు వదిలాను. మర్నాడు అందులో సగం. ఏమీ కాలేదు. మిషను తిరుగుతూనే ఉంది, గదులు చల్లగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి మొత్తానికే మానేశాను. ఈ ఏడు ట్యాంకరు తెప్పించే అవసరమే రాలేదని షావుకారు నా ఎదురుగా సంబరపడ్డాడు. నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

వైశాఖం వచ్చేసరికి పీపా మీద గ్యాసు ఒత్తిడి చూపే ముల్లు రోజురోజుకూ పైకి పోతోందని సాయిబు గమనించాడు. అన్నం మానేశాడు. క్యారేజీ తెచ్చింది తెచ్చినట్టే ఇంటికి పోయేది. మూత విప్పి బ్రష్షు కొట్టాలి, రెండు రోజులు మిషను ఆపండి అని షావుకారును అడిగాడు. గదులన్నీ నిండి ఉన్నాయి, ఈ ఎండల్లో ఆపితే కాయ మొత్తం పోతుంది, వానలు పడనీ అన్నాడు షావుకారు.

ఆయన రోజూ పొద్దున నా దగ్గరికి వచ్చి ఒక్కటే మాట అడిగేవాడు.

"నీళ్ళు వదులుతన్నావా అక్కా?"

"ఆఁ" అనేదాన్ని.

అంతే. అబద్ధం చెప్తున్నానని కూడా నాకు తోచలేదు. మగవాళ్ళకు వృథా తెలియదు, మనమే చూసుకోవాలి అనుకున్నాను. ఆ ఒక్క అక్షరం నమ్మి ఆయన మిగతా చోట్లన్నీ వెతికాడు. బోల్టులు బిగించాడు, పంపు విప్పాడు, తొట్టి మీద తాటాకు పందిరి వేయించాడు. వాల్వు వైపు మాత్రం చూడలేదు.

రోహిణి కార్తెలో ఒక పగలు, భోజనాల వేళ దాటాక జరిగింది. ముల్లు ఎర్ర గుర్తు దాటిందని ఆయన మిషను గదిలోంచి బయటికి వచ్చి, ఆడవాళ్ళను బయటికి పిలవమని నాకు చెయ్యి ఊపాడు. అరవలేదు. ఆ చెయ్యి ఊపిన తీరుకే నాకు సంగతి తెలిసిపోయింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి పిలుస్తున్నాను. అప్పుడు లోపల ఎక్కడో కొత్త గుడ్డ నిలువునా చించినట్టు చప్పుడయింది. మిషను గదిలోంచి తెల్లటి పొగ గదుల ముందున్న నడవాలోకి వచ్చింది.

అది వాసన కాదు. కళ్ళలో, గొంతులో కారం కూరినట్టు ఉంటుంది. మిరపకాయల మధ్య బతికిన వాళ్ళం మేము, ఆ ఘాటు ముందు మా కారం ఏ మూలకూ చాలదు. మా వాళ్ళు ఒక్కొక్కరే పాక్కుంటూ వచ్చారు. కిసకిస నవ్వుతూ నేర్చుకున్న పాకుడు. మోచేతులు చీరుకుపోయి, కొంగులు ముక్కులకు అదిమి, గాలికి ఎదురుగా కళ్లంలోకి వెళ్ళి పడ్డారు. బయటికి వచ్చిన ప్రతి మనిషీ ఆ దగ్గులోనూ చెయ్యి చాచి తన మూత తీసుకుంది. ఆ అలవాటు అంత గట్టిగా చేశాడు ఆయన.

గోడ మీద ఒక్కటి మిగిలింది. దువ్వెన.

మా కోడలు అప్పటికి మూడో నెల. వేవిళ్ళతో ఒళ్ళు తూలి ఆఖరి గదిలో బస్తాల వెనక కూర్చుందని తరవాత తెలిసింది. సాయిబు ఆ మూత చూశాడు, నన్ను చూశాడు. తువ్వాలు తొట్టిలో ముంచి తలకు చుట్టుకున్నాడు. కానీ గదుల వైపు పోలేదు. మిషను గదిలోకి పోయాడు.

"ఒరేయ్, నా కోడలు ఇటుంటే అటు పోతావేందిరా" అని నేను అరిచాను. ఆయన్ని నేను ఒరేయ్ అన్నది అప్పుడే.

ముందు గ్యాసు కట్టకపోతే లోపలికి పోయిన వాళ్ళు ఎవరూ తిరిగి రారు. అది నాకు తరవాత అర్థమైంది. అప్పుడు మాత్రం ఆయన్ని చంపాలనిపించింది. ఎంతసేపు అయిందో చెప్పలేను. ఆ చిరుగుడు చప్పుడు సన్నబడి ఆగిపోయింది. ఆయన నడవాలోకి నాలుగు కాళ్ళ మీద వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. గోడను అరచేత్తో తడుముతూ, తలుపులు లెక్కపెడుతూ ఆఖరి గది దాకా పాకాడు. తిరిగి వచ్చినప్పుడు మా కోడల్ని చీర పట్టి లాక్కొస్తున్నాడు. తడి తువ్వాలు ఆమె మొహానికి చుట్టి ఉంది. ఆయన మొహానికి ఏమీ లేదు.

మేము బిందెలతో ఆయన కళ్ళలో నీళ్ళు కొట్టాము. కొడుతూనే ఉన్నాము. కోడలు దగ్గి దగ్గి లేచి కూర్చుంది. ఆయన ఎంతసేపటికీ కళ్ళు తెరవలేదు. "ఎంతమంది?" అని అడిగాడు. అందరూ వచ్చారని చెప్పాను. మళ్ళీ అడిగాడు.

నాలుగో రోజున పీపా మూత విప్పారు. ఆయన కళ్ళకు కట్టుతోనే ఇల్లాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదట. షావుకారు, గుమాస్తా, నేను అక్కడున్నాం. సాయిబు ముందుకు వంగి గొట్టాల మూతుల్లో చిటికెన వేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు. ఇంకొక దానిలో పెట్టాడు, ఇంకొక దానిలో. గోటితో గీరితే తెల్లటి పొడి రాలింది. ఏడాదికి కూడా ఇంత పేరుకోదు అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

అప్పుడు తనను తొట్టి దగ్గరికి తీసుకుపొమ్మని ఇల్లాలికి చెప్పాడు. మేమంతా వెనకే వెళ్ళాం. కూర్చుని వాల్వు కోసం తడిమాడు. దాని చక్రం చుట్టూ సున్నం అట్ట కట్టి ఉంది. వారాల తరబడి తిప్పని చక్రం. ఆయన వేళ్ళు దాని చుట్టూ ఒకసారి తిరిగి ఆగాయి. ఆయన తల ఎత్తి, కట్టు కట్టిన కళ్ళతో, సరిగ్గా నేను నిలబడ్డ వైపు మొహం తిప్పాడు.

"ఏంది సాయిబూ, నీళ్ళు మార్చే పని ఎవురిది? ఎవురికి చెప్పావ్?" అని షావుకారు అడిగాడు.

"ఎవురికీ చెప్పలేదు బాబూ. మర్చిపోయా" అన్నాడు ఆయన.

రోజూ పొద్దున్నే వచ్చి అడిగిన మనిషి.

నేను నోరు తెరవలేదు. తెరిస్తే నాతో పాటు కోడలి పని కూడా పోతుందని ఒక భయం. ఆడవాళ్ళు నన్ను ఎట్టా చూస్తారో అని ఇంకొకటి. అన్నిటికంటే ముందు కోడలి కళ్ళు. షావుకారు ఆయన్ని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు. పిరికివాడని పెట్టుకుంటే మతిమరుపువాడు దొరికాడని పది మందిలో అన్నాడు. నేను విన్నాను.

ఆయన ఇల్లాలి పుట్టిల్లు రాజుపాలెం. కాపురం అక్కడికి మార్చారు. ఒక కన్ను మసకగా మిగిలింది, ఒకటి పోయింది. ఊపిరి కూడా బాగుపడలేదు. మా కోడలికి కొడుకు పుట్టాక బిడ్డను చూపించడానికి వెళ్ళింది. ఆ తరవాత ప్రతి పండక్కీ వెళ్ళేది. వచ్చిన ప్రతిసారీ, "నిన్ను ఒకసారి రమ్మన్నాడత్తా, తప్పకుండా రమ్మన్నాడు" అనేది. మోకాళ్ళ నొప్పులన్నాను, కాయల సీజనన్నాను, బస్సు రద్దీ అన్నాను. ఎందుకు రమ్మంటున్నాడో నాకు తెలుసనుకున్నాను. నలుగురిలో కాకుండా ఒంటరిగా నా మొహాన అడుగుతాడు. ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.

ఆ రెండేళ్ళూ వాల్వు తిప్పుతూనే ఉన్నాను. ఎంత వదలాలో తెలియదు. ఎర్ర గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఒకరోజు సగం తొట్టి పోయేదాకా వదిలేదాన్ని. ఒకరోజు బోరు ఎండితే ఏం చెయ్యాలని చప్పున కట్టేసేదాన్ని. ఆ తరవాత రోజంతా గదుల తలుపు దగ్గరే తచ్చాడేదాన్ని. కొత్తగా వచ్చిన మిషను మేస్త్రి పీపా పక్కనే బీడీ కాల్చేవాడు. గోడకున్న మేకులు పీకేసి చొక్కాలు తగిలించుకునే కొయ్య కొట్టించాడు. లోపల ఎంతమంది ఉన్నారో నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకునేదాన్ని.

కబురు తెలిసిన మర్నాడు రాజుపాలెం బస్సెక్కాను. ఇల్లు వెతుక్కోవడానికి కష్టపడలేదు. ఆయన ఇల్లాలు లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. మిగతా ఆడవాళ్ళు నాకు చోటిచ్చి బయటికి వెళ్ళారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని.

"ఆ నీళ్ళు కట్టేసింది నేను. వదులుతున్నానని రోజూ అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. కోపం కనపడలేదు. ఆ మొహంలో నాకు ఆశ్చర్యం కూడా కనపడలేదు.

"తెలుసు. నువ్వు వస్తావని రెండేళ్ళు చూశాడక్కా. నీ కోడలు వచ్చినప్పుడల్లా కబురు చేశాడు."

"ఎందుకు చేశాడో తెలుసు. అందుకే రాలేదు."

"నీకు తెలవదు" అంది ఆవిడ. "అక్క పిసినారిది గానీ బుద్ధి లేనిది కాదు, అడిగినప్పుడు కసరకుండా చెప్పుంటే వదిలేది అని నాతో అనేవాడు. ఇప్పుడు కూడా ఎందుకో తెలవకుండానే తిప్పుతా ఉంటది, ఆడవాళ్ళు ఇంకా ఆ గదుల్లోకే పోతన్నారు అని బాధ ఆయనకి. నువ్వు రాకపోయేసరికి నాకు నేర్పిచ్చాడు. నేను చదువుకోలేదు, నోటికి పట్టిచ్చాడు."

చాప మీద చోటు చూపించింది. కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, నమాజులో చదివినట్టు ఒకే గొంతుతో చెప్పింది. తొట్టిలో నీళ్ళు ఆవిరై పోతాయి, అందులో సున్నం మాత్రం పోదు. పోయిన నీళ్ళలోని సున్నమంతా ఉన్న నీళ్ళలో చేరుతుంది. పులుసు మరిగే కొద్దీ ఉప్పు ఎక్కువైనట్టు రోజురోజుకూ చిక్కబడుతుంది. కొత్త నీళ్ళు కలిపితే చాలదు, చిక్కబడ్డ పాత నీళ్ళు కొన్ని బయటికి పోవాలి. ఎన్ని అంటే, బోరు నీళ్ళు ఒక గుక్క, తొట్టి నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మాలి. రెండిటి రుచికి తేడా నాలిక పట్టనంతవరకు వదలాలి. గీతను నమ్మొద్దు. ముల్లు ఒక్క గీత పైకి పోయినా ఆడవాళ్ళను లోపలికి పంపొద్దు, ఎవరేమన్నా సరే.

"ఇప్పుడు నువ్వు చెప్పు" అంది.

మొదలు పెట్టాను. పులుసు దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాను. మళ్ళీ చెప్పాను. ఈసారి ముల్లు సంగతి మరిచిపోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బయట నా బస్సు హారను కొట్టింది. నేను లేవబోయాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"తప్పు లేకుండా చెప్పిందాకా పంపొద్దన్నాడు" అంది. "మొదటి నుంచి చెప్పు."